చించిల్లా షో: తొలిసారి వెళ్లేవాళ్లకి ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

కాకి పిల్ల కాకికి ముద్దు. ఇంట్లో ఒకటో రెండో చించిల్లాలు (ఎలుకల కుటుంబానికి దగ్గరైన, ఒత్తు బొచ్చున్న చిన్న జంతువులు) పెంచుకునే ఎవరికైనా తమదే అన్నిటికన్నా నీలంగా, నిండుగా, ఒత్తుగా కనిపిస్తుంది. పోల్చి చూడటానికి పక్కన ఇంకొకటి ఉండదు మరి. అదే రంగువి, అదే వయసువి పది చించిల్లాల్ని ఒకే వరసలో, ఒకే దీపాల కింద పెట్టినప్పుడుగానీ అసలు సంగతి బయటపడదు. చించిల్లా షో చేసిపెట్టే ముఖ్యమైన పని ఇదొక్కటే. దీన్ని మాత్రం చాలా బాగా చేస్తుంది. వివరించి చెప్పడం, ఆరోగ్యం చూడటం, కొనుగోళ్లు లాంటి మిగతా విషయాల్లో మీ జాగ్రత్త మీరే పడాలి.

పరుగులు, విన్యాసాలు ఉంటాయనుకుని వెళితే నిరాశ తప్పదు. చల్లటి హాలు, పొడవాటి బల్ల, దాని పైన పగటి వెలుతురులాంటి తెల్లటి ట్యూబులైట్లు, చిన్న చిన్న తీగ పంజరాలు, ఒక జడ్జి, పంజరాలు అందించే ఇద్దరు ముగ్గురు సహాయకులు. ఇంతే. అమెరికాలో ఎంప్రెస్ చించిల్లా బ్రీడర్స్ కోఆపరేటివ్, మ్యుటేషన్ చించిల్లా బ్రీడర్స్ అసోసియేషన్ అనే రెండు సంఘాల గుర్తింపుతో ఇవి జరుగుతుంటాయి. జంతువుల్ని ముందు రంగును బట్టి, తర్వాత ఆడామగా, వయసు తేడాలను బట్టి క్లాసులుగా విడదీస్తారు. పంజరం మీద నంబరు ఉంటుందే తప్ప యజమాని పేరుండదు. తన జంతువు బల్ల మీదికి వచ్చినప్పుడు యజమాని నోరు మెదపకూడదు, "అది మాదే" అన్నట్టు సైగ కూడా చేయకూడదు. ఎవరి జంతువో జడ్జికి తెలియకుండా తీర్పు చెప్పించే ఈ పద్ధతి షోల్లో మెచ్చుకోవాల్సిన మొదటి విషయం.

జడ్జి చేతులు ఎటు కదులుతున్నాయో చూస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది. ముందు రెండడుగులు వెనక్కి జరిగి వరస మొత్తాన్ని ఒక్కసారి చూస్తారు. ఆ చూపంతా రంగు కోసమే. స్టాండర్డ్ గ్రే (చించిల్లా సహజమైన బూడిద రంగు) అయితే నీలి ఛాయ ఎంత స్వచ్ఛంగా ఉంది, ఎక్కడైనా రాగి రంగు జీర, పసుపు మరక కనిపిస్తున్నాయా అన్నదే ప్రశ్న. మసకగా ఉన్నవి అక్కడే వరస చివరికి జరిగిపోతాయి. ఇంట్లో పసుపు బల్బు కింద రోజూ చూసిన జంతువు ఈ దీపాల కింద గోధుమ రంగులోకి తిరిగినట్టు కనిపిస్తే కంగారు పడకండి. ఆ రంగు మొదటినుంచీ ఉన్నదే. కోటు, అంటే ఒంటి మీది బొచ్చు, పాతబడి కొసలు ఆక్సీకరణ చెందినా ఇలాగే రాగి ఛాయ వస్తుంది. అలాంటప్పుడు లోపం పుట్టుకది కాదు, సమయానిది.

ఆ తర్వాత పంజరం మూత తీసి బొచ్చు మీద మెల్లగా ఊదుతారు. ఊదిన చోట బొచ్చు పువ్వులా విచ్చుకుని లోపలి పొరలు కనిపిస్తాయి. స్టాండర్డ్‌కి అడుగున ముదురు బూడిద రంగు, మధ్యలో తెల్లటి పట్టీ, కొసన నల్లటి ముసుగు ఉండాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా స్పష్టంగా విడివడి ఉండాలి. కడుపు తెలుపు, పక్కల బూడిద కలిసే గీత కూడా అంతే తేటగా ఉండాలి. చించిల్లాకి ఒక్కో కుదురు నుంచి 60 దాకా, ఒక్కోసారి అంతకు మించి వెంట్రుకలు వస్తాయి. అందుకే ఊదిన బొచ్చు వెంటనే లేచి తన చోటికి వచ్చేయాలి. వాలిపోయి అలాగే ఉండిపోతే ఒత్తుదనం చాలదనో, వెంట్రుకలో బలం లేదనో అర్థం. చివరిగా ఒడ్డూ పొడుగూ చూస్తారు. భుజాల దగ్గరా నడుము దగ్గరా ఒకే వెడల్పుతో దిమ్మెలా ఉన్న శరీరానికి విలువ ఎక్కువ. మెడ సన్నగా, పిరుదులు బరువుగా ఉండి బేరికాయలా కనిపిస్తే ఎంత మంచి రంగున్నా వెనకబడుతుంది.

ఈ కొలమానాలన్నీ బొచ్చు వ్యాపారం కోసం పెంచిన రోజుల నుంచి వచ్చినవే. 1923లో మాథియాస్ చాప్‌మన్ అనే అమెరికా గని ఇంజనీరు చిలీ నుంచి కాలిఫోర్నియాకి 11 చించిల్లాల్ని తెచ్చాడు. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవాటిలో చాలా భాగం వాటి సంతతే. ఆ వ్యాపారం నచ్చనివాళ్లు షో వైపే రాకుండా ఉండిపోతుంటారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. కానీ అంత చిన్న మంద నుంచి పెరిగిన జాతిలో పరిమాణం, కోటు, ఒంటి కట్టు చెడిపోకుండా కనిపెట్టుకోవడానికి పది కళ్లు ఒకచోట చేరే ఏర్పాటు ఇంకోటి పెద్దగా లేదు. పెంపుడు జంతువుల కోసమే జత కట్టించేవాళ్లకి ఈ షోలు మరింత అవసరం.

రిబ్బన్ల లెక్క కొత్తవాళ్లని తికమక పెడుతుంది. చాలా షోల్లో మొదటి రిబ్బన్ క్లాసుకి ఒక్కటే కాదు. ప్రమాణానికి తూగిన ప్రతిదానికీ మొదటిది, కాస్త తగ్గినదానికి రెండోది, ఇంకా తగ్గితే మూడోది ఇస్తారు. అసలు ఏదీ ఇవ్వకపోవడమూ ఉంది. మొదటి రిబ్బన్లు దక్కినవాటిలోంచి క్లాసు విజేత, వాటిలోంచి ఆ రంగు ఛాంపియన్, చివరికి షో గ్రాండ్ ఛాంపియన్ తేలతాయి. కాబట్టి మొదటిసారి తీసుకెళ్లిన జంతువుకి రెండో రిబ్బన్ వచ్చిందంటే అది మంచి జంతువే. అంతకన్నా, దానికి మొదటిది ఎందుకు రాలేదో తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

చాలా షోలు నీరసపడేది సరిగ్గా ఇక్కడే. పెద్ద క్లాసుల్లో జడ్జి ఒక్కో జంతువు గురించి ఒకటి రెండు మాటలే చెబుతారు. ఆ మాటలు వెనక వరస దాకా వినిపించవు. మైకు ఉన్న షోకీ లేని షోకీ కొత్తవాళ్లు నేర్చుకునేదాంట్లో చాలా తేడా ఉంటుంది. కాబట్టి ముందే వెళ్లి జడ్జికి కాస్త పక్కగా, పంజరాలు కంటి ఎత్తులో కనిపించే కుర్చీ చూసుకోండి. చేతిలో చిన్న పుస్తకం ఉండాలి. ప్రతి క్లాసులో జడ్జి మొదలుపెట్టకముందే నంబర్లు రాసుకుని, మీ లెక్కలో ఏది ముందో ఏది వెనకో వరస వేయండి. తర్వాత జడ్జి వేసిన వరసతో పోల్చండి. ఒక్కో రంగులో మీ లెక్క ఒక్కోలా తప్పుతుంది. ఏ రంగు చూడటంలో మీ కన్ను బలహీనమో సాయంత్రానికి తెలిసిపోతుంది. తీర్పులు పూర్తయ్యాక చాలామంది జడ్జీలు ఓపిగ్గా మాట్లాడతారు. అప్పుడు "మాదెందుకు ఓడిపోయింది" అని కాకుండా "దీన్నీ, దీని ముందున్నదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తారా" అని అడగండి.

షో చెప్పని విషయాలు ఇంకా పెద్దవి. పళ్లు, స్వభావం, పిల్లల్ని పెంచే తీరు తీర్పులోకి రావు. చించిల్లా పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. లోపలి దవడ పళ్ల వంకరలు బయటికి కనిపించవు, అవి కొన్నిసార్లు వంశంలో వస్తాయి. గ్రాండ్ ఛాంపియన్ అన్నంత మాత్రాన పళ్లు బాగున్నట్టు కాదు. రిబ్బన్ చూసి జత కట్టించాలనుకునేవాళ్లు ఈ మాట మరవకూడదు.

తొలిసారి ఉత్త చేతులతో వెళ్లడమే మంచిది. తీసుకెళ్లాలనే ఉంటే ఒకటి, మహా అయితే రెండు, అవీ కోటు ప్రైమ్‌లో ఉన్నవే. ప్రైమ్ అంటే బొచ్చు పూర్తిగా పెరిగి, ఒంటినిండా ఒకే పొడవుకి వచ్చిన దశ. కొత్త బొచ్చు మెడ వైపు నుంచి తోక వైపు జరుగుతూ వస్తుంది. పాతదీ కొత్తదీ కలిసే చోట వీపు మీద ఒక గీతలా కనిపిస్తుంది. ఊదినప్పుడు అడుగున చర్మం నీలిగా నల్లబడి ఉంటే అక్కడ ఇంకా పెరుగుతోందన్నమాట. ఆ గీత నడిమధ్యలో ఉన్న జంతువు ఎంత గొప్పదైనా ఆ రోజు గెలవదు. ఎంట్రీ గడువు వారాల ముందే ముగుస్తుంది, రుసుము ఒక్కో జంతువుకీ విడిగా ఉంటుంది. అందుకని రెండు మూడింటిని దృష్టిలో పెట్టుకుని, గడువు దగ్గరికి వచ్చాక గీత చూసి తేల్చుకోవాలి. షో పంజరం వాళ్లిస్తారా, మీరే తెచ్చుకోవాలా అన్నది కూడా అప్పుడే అడగండి.

ముస్తాబు ఒక్కరోజులో అయ్యేది కాదు. కొన్ని వారాల ముందే విడి పంజరంలోకి మార్చాలి, లేకపోతే తోడుగా ఉన్నది కొరికిన బొచ్చు ఆ రోజుకి పెరగదు. డస్ట్ బాత్‌కి, అంటే చించిల్లా పొడి దుమ్ములో పొర్లి చేసే స్నానానికి, ఇసుక పనికిరాదు. అది వెంట్రుకల్ని కోస్తుంది. మెత్తటి చించిల్లా డస్ట్‌నే నాలుగైదు సెంటీమీటర్ల లోతుకి పోసి, పది నిమిషాలు పొర్లనిచ్చి తీసేయాలి. దువ్వేటప్పుడు తోక మొదట్లో పట్టుకుని, వెనక నుంచి మొదలుపెట్టి పాయపాయగా ముందుకు రావాలి. ముందు వెడల్పు పళ్ల దువ్వెన, తర్వాత సన్నటిది. తోక కొస పట్టుకుంటే చర్మం ఊడివస్తుంది. ఒంటి మీద గట్టిగా పట్టుకుంటే, భయపడిన చించిల్లా అక్కడి బొచ్చుని గుప్పెడు వదిలేస్తుంది. ఆ ఖాళీ పూడటానికి నెలలు పడుతుంది. తెల్లవాటికి, బేజ్‌వాటికి వెనకభాగంలో పట్టిన మూత్రపు పసుపుని మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌స్టార్చ్) అద్ది దువ్వితే చాలావరకు పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, షో రోజు ఉదయం డస్ట్ బాత్ ఇచ్చి అలాగే తేవడం. కోటులో మిగిలిన దుమ్ము దీపాల కింద రంగుని చప్పగా, సున్నం కొట్టినట్టు చూపిస్తుంది. చివరి స్నానం ముందురోజే ముగించి, దుమ్మంతా రాలేదాకా దువ్వాలి.

ప్రయాణంలో భయమల్లా వేడి గురించే. చించిల్లాకి చెమట పట్టదు, కోటు విప్పుకోలేదు. 16 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 26 దాటితే ప్రమాదం మొదలవుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే అంతకన్నా ముందే. చెవులు ఎర్రగా కంది, పక్కకి ఒరిగి పడుకుందంటే అది నిద్ర కాదు, వడదెబ్బ. వెంటనే చల్లటి చోటికి మార్చి పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆపిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఒక్కో జంతువుకీ విడి క్యారియర్ ఉండాలి. గడ్డి ఎప్పుడూ నోటికి అందాలి, తిండి ఆగితే పేగుల కదలిక ఆగుతుంది. నీళ్ల సీసా మాత్రం కదిలే బండిలో కారి బొచ్చుని తడిపేస్తుంది. అంత ఒత్తు కోటు తడిస్తే తొందరగా ఆరదు. ఆగిన ప్రతిచోటా సీసా తగిలించి, తాగాక తీసేయండి. గడ్డకట్టిన నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి క్యారియర్ బయట ఆనించి పెట్టడం మంచి అలవాటు. హాలు వెచ్చగా ఉందనిపిస్తే నిర్వాహకుల్ని అడగడానికి మొహమాటపడొద్దు. చల్లదనం సరిగా చూసుకోని షోకి, మిగతావన్నీ ఎంత బాగున్నా మళ్లీ వెళ్లనవసరం లేదు.

తీర్పుల తర్వాత అమ్మకాలు మొదలవుతాయి. అంత మంచి జంతువులు ఒకేచోట దొరికే అవకాశం ఇంకెక్కడా రాదు, అలాగే తొందరపడి కొనే ప్రమాదమూ ఇంకెక్కడా అంత ఉండదు. ముందుపళ్లు పసుపు, నారింజ మధ్య రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే అనుమానించాలి. గడ్డం తడిగా ఉన్నా, కళ్లు కారుతున్నా, కింది దవడ వెంట వేలితో తడిమితే బొడిపెలు తగిలినా వద్దనేయండి. వంశవివరాల కాగితం అడగండి. వైట్, వెల్వెట్ అనే రంగుల్లో వైట్‌ని వైట్‌తో, వెల్వెట్‌ని వెల్వెట్‌తో జత కట్టించరు. ఆ రంగునిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిండం బతకదు. ఈ సంగతి తెలియని అమ్మకందారు దగ్గర ఏ రంగూ కొనకపోవడం మేలు. ఆడదైతే మగదానితో కలిపి ఉంచారా అని కూడా అడగాలి. గర్భకాలం 111 రోజులు, కొన్న మూడు నెలలకి కూడా పిల్లలు పుట్టొచ్చు.

కొన్నదాన్నే కాదు, షోకి వెళ్లొచ్చిన మీ జంతువునీ నేరుగా మిగతావాటి గదిలో పెట్టకండి. పదుల సంఖ్యలో జంతువులు ఒకే బల్ల మీద, అవే చేతుల్లో తిరుగుతాయి. తామర, జియార్డియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) లాంటివి అంటుకున్నా కొన్ని రోజులదాకా బయటపడవు. 30 రోజులు వేరే గదిలో ఉంచి, మేత, శుభ్రం చేసే పని వాటికి ఆఖర్న చేయాలి, డస్ట్ గిన్నె విడిగా పెట్టాలి. ముక్కు, కళ్ల చుట్టూ బొచ్చు రాలి పొలుసులు కనిపిస్తున్నాయేమో, పెంటికలు మెత్తబడుతున్నాయేమో రోజూ చూడాలి. మీరు జంతువుని తీసుకెళ్లకపోయినా, హాల్లో ఏదైనా చించిల్లాని ముట్టుకుని ఉంటే ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే మీ పంజరం తలుపు తీయండి.