మా వీధి బేకరీ గోధుమ బ్రెడ్డు: స్లీవ్ ఆపరేషన్ అయినవాళ్లు ఎంతవరకు తినవచ్చు

హైదరాబాద్‌లో మా కాలనీ మలుపులో ఉన్న బేకరీవాళ్లు కొన్ని నెలలుగా గోధుమ బ్రెడ్డు అనే పేరుతో 400 గ్రాముల ప్యాకెట్టు అమ్ముతున్నారు. వెల 65 రూపాయలు, లోపల 16 ముక్కలు ఉంటాయి. ఒక బ్రెడ్డు ప్యాకెట్టు గురించి ఇంత వివరంగా రాయవలసిన అవసరం మామూలుగా ఎవరికీ రాదు. కానీ నేను రెండేళ్ల క్రితం బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటి నుంచి పళ్లెంలోకి వచ్చే ప్రతి పదార్థాన్నీ ఇది నాకు ఎంత బలమిస్తుంది, ఎంత చోటు ఆక్రమిస్తుంది అని చూసుకోవలసి వస్తోంది. ఆపరేషన్‌కు సిద్ధపడుతున్నవాళ్లు నన్ను కలిసినప్పుడు చాలామంది మొదట అడిగేది కూడా, ఇక జన్మలో అన్నం, బ్రెడ్డు ముట్టుకోకూడదా అనే. వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఐదు నెలలుగా ఈ బ్రెడ్డును, అదే బేకరీలోని మిగతా సరుకును జాగ్రత్తగా గమనిస్తూ వచ్చాను.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నని గొట్టం. అందులో మొదట్లో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే హోటల్లో ఇచ్చే ఒక టీ గ్లాసెడు. ఆ గ్లాసెడు చోటులోనే రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ సర్దుకోవాలని డైటీషియన్లు చెబుతారు, ఎందుకంటే అది చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, జుట్టు రాలుతుంది, నీరసం వదలదు. కాబట్టి మాబోటి వాళ్లకు బ్రెడ్డు మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ముక్క లోపలికి వెళ్లి ఏ గుడ్డు చోటును, ఏ పప్పు చోటును ఆక్రమిస్తోంది అన్నదే చూసుకోవాలి.

మొదటిసారి నేను బ్రెడ్డు తిన్నది ఆపరేషన్ అయిన తొమ్మిదో వారంలో, ఒక బంధువుల ఇంట్లో. అప్పటికి ద్రవాలు, మెత్తగా రుబ్బిన ఆహారం, మెత్తని ఆహారం అనే దశలన్నీ దాటి మామూలు తిండికి అనుమతి వచ్చి వారమే అయింది. వాళ్లు అప్పుడే తెచ్చిన పాల బ్రెడ్డు పెట్టారు. మాటల్లో పడి, నమలడం మరిచిపోయి, మూడు ముద్దలు గబగబా మింగేశాను. రెండు నిమిషాల్లో రొమ్ము ఎముక వెనకాల రాయి కూరుకుపోయినట్టు పట్టేసింది, నోటినిండా నురగలాంటి ఉమ్మి ఊరడం మొదలైంది. దిగుతుందేమోనని నీళ్లు తాగాను. అది చేయకూడని పని, నొప్పి ఇంకా పెరిగింది. వరండాలో అటూ ఇటూ నడుస్తూ ముప్పావు గంట గడిపాక, తిన్నదంతా జిగురు ముద్దలా బయటికి వచ్చేసింది. ఇలా ఒకసారి జరిగితే కంగారుపడక్కర్లేదు గానీ, వాంతులు మాటిమాటికీ అవుతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన డాక్టరును కలవాలి. అలా వదిలేస్తే ఒంట్లో బి1 విటమిన్ తరిగిపోయి నరాలకే హాని జరగవచ్చు.

బ్రెడ్డు అలా ఎందుకు పట్టేస్తుందో తెలుసుకోవాలని ఇంట్లో నేను చేసి చూసిన పని ఒకటి చెబుతాను. ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో తాజా బ్రెడ్డు ముక్కను వేసి రెండు వేళ్లతో నొక్కాను. అది క్షణంలో అణిగి, పూరీలకు కలిపిన మైదా ఉండలా వేళ్లకు అంటుకుంది. ఎంత నలిపినా విడిపోలేదు, సాగింది. అదే ప్యాకెట్టులోని ఇంకో ముక్కను పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చి అలాగే వేశాను. అది కొంచెం ఉబ్బింది, నొక్కగానే రవ్వలా విడిపోయింది. తాజా బ్రెడ్డులో తేమ, జిగురు రెండూ ఉంటాయి కాబట్టి సన్నని గొట్టంలో అది ఉండ కడుతుంది. కాల్చినప్పుడు తేమ పోయి పెళుసెక్కుతుంది కాబట్టి పళ్ల కింద పొడి అవుతుంది. మా డైటీషియన్ మొదటి నుంచీ కాల్చుకునే తినమని చెప్పిన మాటలోని అర్థం ఆ గిన్నె చూశాకే నాకు పూర్తిగా తెలిసింది.

ఇక ఈ బేకరీ సరుకు సంగతి. అక్కడ మూడు రకాల బ్రెడ్డు ఉంది: పాల బ్రెడ్డు, బ్రౌన్ బ్రెడ్డు, ఈ గోధుమ బ్రెడ్డు. బ్రౌన్ బ్రెడ్డు ఆరోగ్యానికి మంచిదని చాలామంది దాన్నే అడిగి తీసుకుంటారు, నేనూ మొదట అదే కొన్నాను. ఇంటికి వచ్చి కవరు మీద చదివితే మొదటి పదార్థం శుద్ధి చేసిన గోధుమపిండి అని ఉంది, అంటే మైదానే. కింద చక్కెర, ఆ తర్వాత కేరమెల్ రంగు. మన దేశంలో ప్యాకెట్టు మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలన్నది నియమం, కాబట్టి మొదటి పేరు ఏమిటో చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. గోధుమ బ్రెడ్డు కవరు మీద మొదటి పేరు ముడి గోధుమపిండి. మైదా మూడో చోట, గోధుమ గ్లూటెన్ (గోధుమలోని జిగురు ప్రొటీన్) తర్వాత ఉంది. రంగు కలపలేదు. ఈ ఒక్క విషయంలో బేకరీవాళ్లను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను, ఎందుకంటే వాళ్లు పెట్టిన పేరుకూ లోపలి సరుకుకూ పొంతన ఉంది.

పోషకాల లెక్క చూస్తే 100 గ్రాముల్లో పిండిపదార్థం 48 గ్రాములు, ప్రొటీన్ 9 గ్రాములు అని రాశారు. ఒక్కో ముక్క 25 గ్రాములు కాబట్టి దానిలో పిండిపదార్థం 12 గ్రాములు, ప్రొటీన్ రెండు గ్రాములకు కాస్త పైన. ఉడికించిన ఒక గుడ్డు ఇంతకంటే తక్కువ చోటు తీసుకోదు గానీ దాదాపు 6 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. కేవలం ఈ బ్రెడ్డుతోనే రోజుకు కావలసిన 60 గ్రాముల ప్రొటీన్ రావాలంటే 26 ముక్కలు దాటి తినాలి, అంటే ప్యాకెట్టున్నర పైన. ఎంత మంచి గోధుమపిండితో చేసినా మాకు బ్రెడ్డు పక్క వాయిద్యమే అవుతుంది.

రుచి బాగుంది. కాల్చేటప్పుడు చపాతీ కాలుతున్న వాసన వస్తుంది, తీపి తెలియదు, అంచు గట్టిగా ఉన్నా మధ్యలో ఇసుకలా రాలిపోదు. నేను ముందు గుడ్డు బుర్జీనో, పనీరు తురుమునో, ఉడికించిన సెనగలనో నాలుగైదు చెంచాలు తిని, ఆ తర్వాత ఒక ముక్కను ఎనిమిది భాగాలుగా కోసుకుని, ఒక్కో భాగాన్ని పాతిక సార్లకు తగ్గకుండా నములుతాను. సాధారణంగా ఐదారు భాగాల దగ్గరే కడుపు చాలంటుంది. ఆ మిగిలిన రెండు భాగాలను పారేయడానికి మనసొప్పక తినేయడం మన ఇళ్లలో అందరికీ ఉన్న అలవాటే, కానీ దయచేసి ఆ పని చేయకండి.

నాకు అన్నిటికంటే కష్టమైనది టీ విషయం. ఇరానీ హోటల్లో బన్ మస్కాను చాయ్‌లో ముంచుకుని తింటూ పెరిగినవాళ్లకు బ్రెడ్డునూ టీనీ విడదీయడమంటే ఏమిటో మాటల్లో చెప్పలేను. మా నాన్న పొద్దున్నే డబల్ రొట్టె తెచ్చి, వేడి పాలల్లో ముంచి నాకు తినిపించేవారు. ఇప్పుడు తింటూ తాగకూడదు, తిన్నాక కూడా అరగంట దాకా ఏమీ తాగకూడదు, ఎందుకంటే ద్రవం కలిస్తే తిన్నది త్వరగా కిందికి జారిపోయి కడుపు నిండిన తృప్తి నిలవదు. నేను ఏడుంబావుకు టిఫిన్ ముగించి, ఎనిమిదింటికి టీ తాగుతున్నాను. చాలా నెలలు అది నాకు లోటుగానే అనిపించింది.

ఆ బేకరీలో అందరూ మెచ్చుకునేది రస్కులు. వాళ్ల సోంపు రస్కులు నిజంగా అద్భుతంగా ఉంటాయి, అందుకే నేను వాటి గురించి హెచ్చరించక తప్పదు. బ్రెడ్డు పట్టేస్తుందని భయపడిన నేను, పదో నెలలో వాటికి మారాను. కరకరలాడుతూ నోట్లోనే కరిగిపోతాయి, ఎక్కడా ఇరుక్కోవు, నొప్పి లేదు, వాంతి లేదు. సాయంత్రం రెండు అనుకుని మొదలుపెట్టినవి ఐదుకు చేరాయి, కడుపు మాత్రం నిండేది కాదు. అదే సమయంలో నెలనెలా తగ్గుతూ వస్తున్న బరువు ఆగిపోయింది, తర్వాతి నెలలో రెండు కిలోలు పెరిగాను. చేగోడీలు, మరమరాలు, బిస్కెట్లు అన్నీ ఈ కోవలోవే. ఇరుక్కునే బ్రెడ్డు మనల్ని ఆ పూటకే బాధపెడుతుంది, కానీ హాయిగా జారిపోయే రస్కు నెలల తరబడి చప్పుడు లేకుండా పోయిన బరువును వెనక్కి తెస్తుంది. ఆపరేషన్ అయినవాళ్లు ఏది పడడం లేదో చెప్పుకుంటారు గానీ ఏది మరీ తేలిగ్గా పడుతోందో చెప్పుకోరు. డైటీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ రెండోది తప్పకుండా చెప్పాలని నా విన్నపం.

బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం, అంటే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయినవాళ్ల పరిస్థితి కొంత వేరు. మా పిన్ని కూతురికి అదే చేశారు. వాళ్లకు తిన్నది చిన్న సంచిలోంచి నేరుగా చిన్నపేగులోకి వెళ్తుంది కాబట్టి తీపి కలిసిన పిండిపదార్థం పడితే పేగు ఒక్కసారిగా నీటిని లాక్కుంటుంది. ఇదే బేకరీ క్రీమ్ బన్ను సగం తిన్న 20 నిమిషాలకు దానికి చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, కడుపులో మెలిపెట్టింది. కొందరికి గంట నుంచి మూడు గంటల మధ్య చక్కెర పడిపోయి కళ్లు తిరగడం కూడా ఉంటుంది. కాబట్టి వాళ్లు జామ్ రాసిన బ్రెడ్డు, బన్నులు, దిల్ పసంద్ వంటివాటి జోలికి పోకపోవడమే మంచిది. గోధుమ బ్రెడ్డు కాల్చి గుడ్డుతో తింటే మాత్రం దానికి ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంటి వంటలతో పోల్చితే ఈ బ్రెడ్డును నేను మధ్యలో పెడతాను. పెసరట్టు దీనికంటే ఎంతో మేలు, పచ్చి పెసల్లో 100 గ్రాములకు 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. వేడిగా ఉన్న పలచని జొన్న రొట్టెను పప్పులో నంజుకుంటే బాగా పడుతుంది, చల్లారితే గట్టిపడి గొంతు పట్టేస్తుంది. ఇడ్లీ మెత్తగా దిగుతుంది గానీ అందులో బియ్యపు రవ్వే ఎక్కువ, కాబట్టి ఒకటి చాలు. మెత్తగా వండిన అన్నం ముద్ద నాకు ఏడాది దాకా బ్రెడ్డు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు గిన్నెడు ముద్దపప్పులో రెండు చెంచాల అన్నం కలుపుకుంటున్నాను. అమ్మ మొదట్లో దీన్ని చూసి కంటతడి పెట్టుకుంది, ఇప్పుడు తానే అలా కలిపి ఇస్తోంది.

ఐదు మార్కులకు ఈ గోధుమ బ్రెడ్డుకు నేను మూడున్నర ఇస్తాను. మామూలు తిండికి మీ డాక్టరు అనుమతి ఇచ్చాకనే, కాల్చుకుని, ప్రొటీన్ తిన్న తర్వాత, రోజుకు ఒక ముక్కకు మించకుండా తినేవాళ్లకు ఇది కొనదగ్గ సరుకు. ఆపరేషన్ అయిన మొదటి రెండు నెలల్లో ఉన్నవాళ్ల కోసం ఎవరూ దీన్ని కొని తీసుకెళ్లవద్దు.

కొనేవాళ్లకు ఒక చిన్న సూచన. సాయంత్రం నాలుగింటికి కొత్త బ్రెడ్డు వస్తుంది, దాని జోలికి వెళ్లకుండా ముందు రోజుది అడగండి, అది కాస్త ఆరి ఉంటుంది కాబట్టి చక్కగా కాలుతుంది. నేను మొదటిసారి అడిగినప్పుడు కౌంటర్లోని అబ్బాయి, "నిన్నటిది ఎందుకు మేడం, ఇది ఇప్పుడే వచ్చింది, వేడిగా ఉంది" అన్నాడు. కారణం చెప్పాక ప్రతి శుక్రవారం నాకోసం ఒక ప్యాకెట్టు పక్కన తీసిపెడుతున్నాడు. నాకు వారానికి ఐదారు ముక్కలే అవుతాయి, మిగతావి రెండేసి చొప్పున కట్టి ఫ్రీజర్లో పెడుతున్నాను. ఇదే బ్రెడ్డును 200 గ్రాముల ప్యాకెట్టుగా కూడా తీసుకురమ్మని యజమానిని అడిగాను. దీపావళి తర్వాత చూస్తానన్నారు.