పాత జీను బాగు చేయించాను, కొత్తది వెనక్కి పంపేశాను

నా జీనుకి 19 ఏళ్లు. 17 అంగుళాల సీటు, చెక్క ట్రీ (అంటే లోపలి చట్రం), గుర్రం వీపుకి ఆనే దిండ్లలాంటి ప్యానెళ్ల లోపల ఉన్ని. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను కాబట్టి నాకంటే ముందు ఇంకెవరినో మోసి వచ్చిందే. ఆమధ్య గర్త్ (గుర్రం పొట్ట కింద నుంచి వేసి జీనుని నిలిపే పట్టా) బిగిస్తుంటే, దాన్ని తగిలించే పట్టీల్లో ఎడమవైపు ముందుదాని మొదట్లో కుట్టు పటుక్కుమని విడిపోయింది. చుక్క (మా గుర్రం, నుదుట తెల్లమచ్చ ఉంది) ఉలిక్కిపడింది. నేనూ ఉలిక్కిపడ్డాను. ఎక్కి దౌడు తీస్తున్నప్పుడు జరిగి ఉంటే!

స్టేబుల్‌లో అందరిదీ ఒకటే మాట: "ఇంకెన్నాళ్లు దీన్ని పట్టుకుని వేలాడతావు, కొత్తది కొనుక్కో." నాకూ ఆశ పుట్టింది. వారం రోజులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేసే షరతు మీద ఒక సింథటిక్ జీను తెప్పించుకున్నాను. ఈలోగా పాతదాన్ని బాగుచేసే ఆయనకి చూపించాను. ఈ రివ్యూ రెండింటి గురించీ.

ఆయన తెగిన పట్టీ వంక చూడనే లేదు. జీను ముందు భాగాన్ని తన తొడకి ఆనించి, వెనక అంచు పట్టుకుని తనవైపు లాగాడు. నాదిలాంటి స్ప్రింగ్ ట్రీ (చెక్కకి ఉక్కు బద్దలు బిగించినది) కొంచెం లొంగి, వదలగానే మళ్లీ యథాస్థానానికి వచ్చేయాలట. సీటు తోలు అడ్డంగా మడత పడినా, లోపల కిర్రుమన్నా చెక్క విరిగిందేమోనని అనుమానించాలి. ఆ తర్వాత ట్రీ ముందు కమాను రెండు కొసల్నీ అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కాడు. కదల్లేదు. "కదిలి ఉంటే పట్టీలు కూడా మార్చొద్దనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఎందుకంటే ఇంతకుముందు ఒకరి దగ్గర దెబ్బతిన్నాను. పేరు అనవసరం. జీను మాత్రం తీసుకురమ్మన్నాడు, గుర్రాన్ని చూడలేదు. ప్యానెళ్లని దిండులా కూరి పంపాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నెల తిరిగేసరికి చుక్క జీను చూస్తేనే చెవులు వెనక్కి వాల్చడం మొదలుపెట్టింది. ఒకరోజు స్వారీ అయ్యాక జీను దించితే వీపంతా చెమట, భుజం వెనక మాత్రం అరచేయంత పొడి మచ్చ. అక్కడ ఒత్తిడి పడుతోందని అప్పట్లో నాకు తెలియదు. తర్వాత అక్కడే నాలుగు తెల్లవెంట్రుకలు మొలిచాయి, ఇప్పటికీ ఉన్నాయి. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది లెండి.

ఈయన మాత్రం స్టేబుల్‌కి వచ్చాడు. వంచితే వంగే స్కేలుతో భుజం వెనక, వీపు మధ్యన, చివరి పక్కటెముక దగ్గర ఆకారం తీసి కాగితం మీద గీసుకున్నాడు. జీను బరువు ఆ చివరి ఎముక దాటి వెనక్కి పోకూడదు. కాలు నొప్పితో కొన్ని నెలలు ఖాళీగా ఉండి చుక్క కుడి భుజం కండ తగ్గింది, అందుకే జీను ఆవైపుకి ఒరుగుతోందని చూపించాడు. నేనేమో ఇన్నాళ్లూ నా కూర్చోవడంలోనే లోపం అనుకుని తిట్టుకున్నాను!

ప్యానెల్ విప్పితే లోపల ఉన్ని గోళీకాయల్లా గట్టిపడి ఉంది. వేలితో నొక్కితే ఒక్కొక్కటీ విడిగా తగిలింది. దాన్నంతా లాగేసి కొత్తది నింపాడు, కుడివైపు ఒక పిసరు ఎక్కువ. గర్త్ పట్టీలు రెండువైపులా మూడేసీ మార్చాడు. ముందు పట్టీని ట్రీ మీదుగా వెళ్లే ఒక నేతపట్టాకి, మిగతా రెండింటినీ వేరే నేతపట్టాకి కుట్టాడు, ఒకటి తెగినా ఇంకొకటి నిలవాలని. కుట్టు మైనం రాసిన దారంతో, రెండు సూదులతో, చేత్తోనే. రికాబు తోళ్లు (పాదం పెట్టే రికాబుల్ని వేలాడదీసే పట్టీలు) కూడా మార్చెయ్యమన్నాడు. అవి మాత్రం నేను వాయిదా వేశాను.

ఇక కొత్త జీను. చాలా తేలిక, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం. ముందు కమాను ప్లేటు మార్చి వెడల్పు సరిచేసుకోవచ్చు. చెక్క ట్రీకి ఆ సదుపాయం లేదు, ప్రెస్‌లో పెట్టి కొంచెం తెరవగలరు, అంతే. ఎదిగే గుర్రం ఉన్నవాళ్లయితే కళ్లు మూసుకుని ఇలాంటిదే కొనుక్కోవచ్చు. నాకు నచ్చనిది సీటు. మూడో రోజుకి మోకాలి కింద ఆనే బ్లాక్ (కాలు జారకుండా పెట్టే దిమ్మ) ఒరుసుకుని కాలు ఎర్రబడింది. పైగా చుక్క వీపు మధ్యలో అది ఆనడం లేదు, ముందూ వెనకా మాత్రమే తాకి మధ్యలో చేయి దూరేంత సందు. ప్లేటు మారిస్తే వెడల్పు మారుతుందే తప్ప ఆ వంపు మారదు. అయిదో రోజుకే వెనక్కి పంపేశాను.

బాగుచేయించిన దాంట్లో లోపాలు లేవని కాదు. చెప్పిన గడువు కంటే పది రోజులు ఆలస్యం అయింది. మొదటి రెండు వారాలు జీను ఎత్తుగా, బొమ్మల కొలువు మెట్టెక్కినట్టు అనిపించింది. ఉన్ని సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, రెండు నెలలకి మళ్లీ తీసుకురమ్మన్నాడు. వెళ్లాను, ఎడమవైపు కాస్త పూరించి ఇచ్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో సగం కూడా కాలేదు. అదే ట్రీ విరిగి ఉన్నా, తోలు చివికిపోయి గోకితే ఎర్రటి పొడి రాలుతున్నా నేనూ కొత్తదే కొనేవాణ్ణి.

రేటింగ్ అడిగితే పనితనానికి అయిదుకి అయిదు, టైముకి రెండు.

కొత్త పట్టీలు పాత తోలు పక్కన ఇంకా లేతరంగులో ఎబ్బెట్టుగా కనిపిస్తున్నాయి. నూనె పట్టించి రంగు కలిపేద్దామంటే, పట్టీలు సాగుతాయి, ముట్టుకోవద్దు అన్నాడు. ఇక ఈ వారం రికాబు తోళ్లు ఇచ్చి రావాలి.