కిటికీ ఏసీ, డీజిల్ హీటర్‌తో మా ట్రక్ క్యాంపర్: మూడేళ్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, హీటర్‌కు పదికి తొమ్మిది, ఏసీకి ఆరు. ఆ ఆరు కూడా పొద్దుగూకాక వేసిన మార్కులు. మధ్యాహ్నం అడిగితే మూడు.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ముప్పావు టన్ను పికప్, పెట్రోల్ ఇంజిన్, దాని తొట్టిలో కూర్చునే పాత క్యాంపర్, అంటే పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న చిన్న గది. కొన్నప్పుడే పైకప్పు మీద 13,500 బీటీయూల ఏసీ ఉంది. 12,000 బీటీయూలు ఒక టన్ను కాబట్టి టన్నుకు కాస్త ఎక్కువే. గదేమో మా ఇంట్లో స్టోర్‌రూమ్ అంత. చల్లబరచడంలో దానికి వంక పెట్టలేం, కానీ నడుస్తున్నంతసేపూ 1,400 వాట్ల దాకా లాగుతుంది, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. అంటే కరెంటు ఉన్న క్యాంప్ సైటన్నా దొరకాలి, జనరేటరన్నా మోయాలి. పార్కుల్లో రాత్రి పది దాటితే జనరేటర్ వేయనివ్వరు, మనకు ఏసీ కావాల్సిందేమో సరిగ్గా అప్పుడే.

మొదట చవక దారి చూశాను, 12 వోల్టుల మీద నడిచే చిన్న కూలర్. గోదావరిఖనిలో పెరిగినవాణ్ణి, మే నెలంతా వట్టివేళ్ల తడకల కూలర్ ముందే గడిచింది, కాబట్టి నమ్మకం ఎక్కువే. పశ్చిమ టెక్సాస్‌లో, న్యూ మెక్సికోలో బాగానే పనిచేసింది, అక్కడ గాలి పొడి. గాల్వెస్టన్ తీరానికి తీసుకెళ్తే మాత్రం ఉన్న ఉక్క చాలదన్నట్టు ఇంకా తేమ పోసింది. కాకినాడలో కూలర్ కొన్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మూడో ట్రిప్పుకే దాన్ని ఇంటి వెనక వరండాకు పంపించేశాం.

తర్వాతే పైకప్పు ఏసీని దించేసి, 160 డాలర్లు పెట్టి 5,000 బీటీయూల కిటికీ ఏసీ కొన్నాను. దాదాపు 450 వాట్లు. కావాలనే రిమోట్ లేని, రెండు నాబ్‌లు తిప్పే రకం తీసుకున్నా, ఎందుకంటే కరెంటు పోయి వచ్చినా తిప్పిన చోటే మళ్లీ మొదలవుతుంది. పైన ఖాళీ అయిన 14 అంగుళాల చదరపు రంధ్రంలో ఫ్యాన్ బిగించాను, మిగతా జాగాలో 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు పట్టాయి.

దీన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. బట్టల అల్మరా కింద అరలో కూర్చోబెట్టి, వెనక గోడకు జాలీ కొడితే సరిపోతుందనుకున్నాను. ఇరవై నిమిషాల్లో కంప్రెసర్ ఆగిపోయింది. కిటికీ ఏసీ వెనక నుంచి వేడిగాలి వదులుతుంది సరే, ఆ గాలిని లోపలికి తీసుకునేది పక్కనున్న చీలికల నుంచి. అర మూసుంటే వదిలిన వేడినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. చివరికి గోడ కోసి, చిన్న తలుపు పెట్టి, బరువు మోసే డ్రాయర్ పట్టాల మీద ఏసీని ఎక్కించాను. బండి ఆపాక ఎనిమిది అంగుళాలు బయటకు తోస్తాం, బయల్దేరేముందు లోపలికి లాగి తలుపు వేస్తాం. ఓసారి లాగడం మర్చిపోయి గ్యాస్ స్టేషన్‌లోంచి బయటకు వచ్చేశాను, వెనక కారాయన హారన్ కొట్టి బతికించాడు. అప్పట్నుంచి ఇంజిన్ తాళాలు ఏసీ పక్కన కొక్కేనికే వేలాడతాయి.

ఇంకో తలనొప్పి నీళ్లు. ఏసీ కొంచెం బయటి వైపు వాలి ఉంటేనే నీళ్లు బయటికి పోతాయి, కానీ బండి ఆపిన నేల మన మాట వినదు కదా. ఓ రాత్రి లోపలి వైపు వాలిపోయి, పొద్దున లేచేసరికి చెప్పులు తేలుతున్నాయి. చిన్న రసమట్టం ఒకటి అంటించాను, ఆగిన ప్రతిచోటా బుడగ చూసి టైరు కింద చెక్క పెట్టించే ఉద్యోగం మా వాడిది.

ఇక చల్లదనం సంగతి. ఆగస్టులో టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్‌లో బయట 39 డిగ్రీలు, ఎండలో ఆపితే లోపల 31 కంటే దిగలేదు. పడమటి కిటికీకి రేకు అట్ట కట్టి, నీడలోకి జరిపాక రాత్రి పదికల్లా 22కి వచ్చింది. కానీ మంచం డ్రైవర్ క్యాబిన్ మీదుంటుంది, ఏసీ కింద ఉంది, చల్లగాలి పైకి లేవదు. నేల మీద కాళ్లు జివ్వుమంటుంటే పైన పడుకున్నవాళ్లకు చెమటలు. పైకి ఊదే చిన్న ఫ్యాన్ ఒకటి పెట్టాకే మా ఆవిడ రాజీకి వచ్చింది. బ్యాటరీలు 100 ఆంపియర్ అవర్ల లిథియంవి రెండు, అంటే దాదాపు 2,560 వాట్ అవర్స్. ఇన్వర్టర్ తినేది కలిపితే ఆపకుండా ఐదు గంటలు. రాత్రి చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగు దాకా వస్తోంది, ఆ తర్వాత టెక్సాస్‌లో కూడా ఫ్యాన్ చాలు.

హీటర్ దగ్గరికొస్తే కథ వేరు.

పాత ప్రొపేన్ గ్యాస్ ఫర్నేస్ పాడయ్యాక ఓ చలికాలం పొగ గొట్టం లేని చిన్న ప్రొపేన్ హీటర్‌తో నెట్టుకొచ్చాం. వేడికి లోటు లేదు, తేమతోనే చచ్చాం. ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా గదిలోకే. దానికి తోడు మన అన్నం, పప్పు ఉడికిన ఆవిరి. కిటికీల మీద నీళ్లు కారి, పరుపు ఎత్తి చూస్తే కింద చెక్క నల్లబడింది. పైగా ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ దాంట్లో ఉంటుంది, 7,000 అడుగులు దాటాక అది ఊరికే ఆర్పేస్తుంటుంది. కొలరాడో కొండలకు వెళ్లేవాళ్లకు అదేం హీటర్?

డీజిల్ హీటర్‌లో మంట గాలి వేరు, గది గాలి వేరు. మంటకు గాలి బయట నుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది, గదికి పొడి వేడి. నేను 2 కిలోవాట్లది పెట్టాను. 5 కిలోవాట్లది కొంటే ఇంత చిన్న గదిలో ఎప్పుడూ సన్న మంట మీదే నడపాలి, అలా నడిపితే మసి పడుతుంది. మా బండి పెట్రోల్‌ది కాబట్టి బయట పెట్టెలో పది లీటర్ల డీజిల్ ట్యాంకు విడిగా పెట్టాను. రాత్రికి లీటరున్నర, గడ్డకట్టే చలైతే రెండు.

మొదటి నెల మాత్రం ఏడిపించింది. వెలిగేది, పది నిమిషాలకు ఆరిపోయేది. మంట అంటించే గ్లో ప్లగ్ మార్చాను, ఫిల్టర్ మార్చాను, ఏం లేదు. అసలు తప్పు డీజిల్ పంపు బిగింపులో ఉంది. పడుకోబెట్టినట్టు అడ్డంగా బిగించాను, దాంతో గాలి బుడగలు లోపలే నిలిచిపోయాయి. డీజిల్ బయటికొచ్చే మూతి పైకి ఉండేలా ముప్పై డిగ్రీల దాకా వాల్చాలి. స్క్రూ విప్పి తిప్పి బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది, అది కనిపెట్టడానికి నాలుగు వారాలు. ఆ తర్వాత చల్లటి రాత్రుళ్లు మళ్లీ వెలగకపోతే అది వైరు మరీ సన్నగా ఉండటం వల్ల. మొదలయ్యేటప్పుడు గ్లో ప్లగ్ ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది, కిట్‌లో ఇచ్చిన వైరు పొడవైతే అంతలో వోల్టేజీ పడిపోతుంది. లావు వైరు వేశాను, పీడ వదిలింది.

నిరుడు అక్టోబరులో అమ్మ వచ్చినప్పుడు కొలరాడోలోని లెడ్‌విల్ వెళ్లాం, పది వేల అడుగులు దాటిన ఊరు. అక్కడ గాలి పలచన కాబట్టి డీజిల్ ఎక్కువై నల్ల పొగ మొదలైంది. పంపు వేగం తగ్గించి ఫ్యాన్ వేగం పెంచాక సర్దుకుంది. అమ్మకు చలి గురించి కంప్లయింటు లేదు, పంపు చప్పుడు గురించే. సెకనుకోసారి టిక్కు, టిక్కు. పొద్దున టీ తాగుతూ, "రాత్రంతా బల్లి పలుకుతనే ఉన్నదేందిరా, అంత నిజం ఎవరు మాట్లాడిన్రు?" అంది. ఇంటికొచ్చాక పంపును రబ్బరు పట్టీకి వేలాడదీసి, చుట్టూ నురుగు చుట్టాను. ఇప్పుడు వినబడుతుంది గానీ నిద్ర చెడదు. అదే రోజు హీటర్ విప్పి చూస్తే గ్లో ప్లగ్ జాలీ మీద మసి పెచ్చు కట్టి ఉంది. అప్పట్నుంచి ఆర్పేముందు అరగంట పూర్తి మంట మీద వదిలేస్తాను.

నడుస్తుండగా స్విచ్ తీసి కరెంటు కట్ చేయొద్దు, ఆపాక ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి చల్లబడాలి. పొగ గొట్టానికి వచ్చే సైలెన్సర్‌లో నీళ్లు కారే చిన్న చిల్లు ఉంటుంది, అందుకని అది పూర్తిగా బండి బయటే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు పెట్టాను, ఒకటి మంచం దగ్గర. ఈ విషయంలో డబ్బు మిగుల్చుకునే ఆలోచన వద్దు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు కాబట్టి బ్యాటరీలు కూడా హీటర్ ఉన్న అరలోకే తెచ్చాను.

స్ప్లిట్ ఏసీ పెట్టుకోవచ్చుగా అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇన్వర్టర్ రకమైతే కరెంటు ఆదా నిజమే, చలికాలం వేడి కూడా ఇస్తుంది. కానీ బయటి యూనిట్ వెనక గోడకు వేలాడాలి, మట్టి రోడ్ల కుదుపులకు రాగి గొట్టాల నట్లు వదులై గ్యాస్ కారుతుందని నా భయం. ఇక్కడ గ్యాస్ పనికి లైసెన్స్ ఉన్నవాణ్ణి పిలవాలి, వాడి ఒక్క విజిట్‌కు నా కిటికీ ఏసీ ఇంకోటి వస్తుంది. ఎప్పుడూ తారు రోడ్డు దిగనివాళ్లయితే అదే పెట్టుకోండి.

పైకప్పు నుంచి దించిన ఏసీ ఇంకా మా గ్యారేజీలోనే ఉంది. బాగానే పనిచేస్తుంది. ఫ్రీగా ఇస్తాను, కాకపోతే మోయడానికి ఇంకో మనిషిని వెంటబెట్టుకుని రావాలి, నా నడుం ఒకసారికే చాలంది.