సగం ఇండియా, సగం అమెరికా జెర్సీ: పెద్దవాళ్ళకి సరే, పిల్లలకి అనవసరం

డాలస్ దగ్గర కస్టమ్ జెర్సీలు కుట్టే ఒక షాపులో నాకూ మా అబ్బాయికీ చెరొకటి చేయించాను. ఎడమ సగం లేత నీలం, భుజం మీద కాషాయం. కుడి సగం ముదురు నీలం, చేతికి ఎర్ర అంచు. పేరు, నంబరుతో కలిపి ఒక్కోటి 45 డాలర్లు.

ఈ కోరిక 2024 టీ20 ప్రపంచకప్ నాటిది. జూన్ 6న మా పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించినప్పుడు మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పండగే పండగ. ఆరోజు రెండు అభిమానాలూ ఒకే వైపు లాగాయి కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. జూన్ 12న న్యూయార్క్ దగ్గర ఇండియాతో మ్యాచ్ వచ్చేసరికి మొదలైంది పేచీ. సౌరభ్ నేత్రావల్కర్ కోహ్లీని తను ఆడిన మొదటి బంతికే అవుట్ చేశాడు. ఈ నేత్రావల్కర్ ముంబై కుర్రాడే, 2010లో ఇండియా తరఫున అండర్-19 ప్రపంచకప్ ఆడాడు, అప్పటికి ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరు. మా అబ్బాయి సోఫా మీంచి గంతేశాడు. నేను తల పట్టుకున్నాను. వైజాగ్ నుంచి వచ్చి ఉన్న మా నాన్న అయితే మనవడు ఎవరి పిల్లాడో అన్నట్టు చూశారు. చివర్లో ఓవర్ల మధ్య ఆలస్యం చేసినందుకు అమెరికాకి ఐదు పరుగుల పెనాల్టీ పడి, ఇండియాకి 30 బంతుల్లో 35 కావాల్సింది 30కి దిగింది. నాన్నకి అంపైర్ల మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. వాడు మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే కన్జర్వేటివ్ నాయకుడు, వలస వచ్చినవాళ్ళు ఏ క్రికెట్ జట్టుకి చప్పట్లు కొడతారో చూడండి, వాళ్ళ విధేయతకి అదే పరీక్ష అన్నాడు. నేను పౌరసత్వం తీసుకున్నప్పుడు పరాయి రాజ్యాల విధేయత వదులుకుంటున్నానని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేసి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు తెచ్చుకున్నాను. ఓటు, పన్ను, జ్యూరీ పిలుపు అన్నీ ఇక్కడే, అందులో రెండో మాట లేదు. ఆ ప్రమాణంలో క్రికెట్ ఊసు మాత్రం ఎక్కడా లేదు, నేను శ్రద్ధగానే విన్నాను. ఇండియా రాజ్యాంగం ఒప్పుకోని ద్వంద్వ పౌరసత్వం 45 డాలర్లకి చొక్కా రూపంలో దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి?

ఇక సరుకు సంగతి. బట్ట పల్చగా, గాలి ఆడేలా ఉంది. టెక్సస్ ఎండకి పనికొస్తుంది. రంగులు దిగలేదు. సైజు మాత్రం చిన్నగా వస్తుంది, ఒకటి పెద్దది చెప్పండి. రెండు సగాలూ కలిసేచోట లోపలి కుట్టు మొద్దుగా ఉంది, మెడ దగ్గర గీసుకుంటోంది. లోపల బనీను వేసుకుంటే తప్ప నేను రెండు గంటలు భరించలేను.

అసలు గొడవ పేరు దగ్గర. తెలుగులో వేయమని టైపు చేసి పంపాను. ‘కార్తీక్’ అని ఉండాల్సిన చోట ర కింద త వత్తు రాలేదు, ర మీద పొల్లు పెట్టి పక్కన ‘తీ’ అతికించారు. వీపు మీద ‘కార్‌తీక్’! అడిగితే "మెషిన్‌లో అలాగే పడుతుంది సార్" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. పేరుని బొమ్మగా సేవ్ చేసి పంపితే సరిగ్గా పడింది, కానీ దానికి ఇంకో 15 డాలర్లు తీసుకున్నారు. తప్పు వాళ్ళది, డబ్బు నాది. తెలుగు, హిందీ, తమిళం ఏదైనా సరే, బొమ్మగానే పంపండి.

ఇంతా చేస్తే మా వాడు ఒక్కసారి తొడుక్కుని విప్పేశాడు. "నాన్నా, నాకు మామూలు యూఎస్ఏ జెర్సీ కావాలి. వెనకాల పేరు మాత్రం ఇలాగే తెలుగులో వేయించు" అన్నాడు. తాతగారికి ఇది మింగుడు పడలేదు, మా ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకైతే వాడి లెక్కే బాగుంది. రెండు చోట్లా బతికినవాళ్ళకి ఈ సగం సగం కుదురుతుంది, వాడు పుట్టింది ఇక్కడే, డాలస్ పక్కన ప్లానోలో. కాబట్టి పిల్లల కోసం ఇది కొనకండి, ముందు వాళ్ళనే అడగండి. బట్టకి నాలుగు స్టార్లు, సర్వీసుకి రెండు. వాడి కొత్త జెర్సీ ఇంకో షాపులో ఆర్డర్ ఇచ్చాను.