పాత మ్యాక్‌లో స్టార్టప్ డైలాగ్: ఇనిట్‌తోనా, అప్లికేషన్‌తోనా?

సిస్టమ్ 7 (1991) మ్యాక్ ఆన్ కాగానే డైలాగ్ చూపాలి. ఇనిట్ (మ్యాక్ బూట్ అవుతుండగానే నడిచే ఎక్స్‌టెన్షన్ కోడ్) రాయాలా, చిన్న అప్లికేషన్‌ను స్టార్టప్ ఐటమ్స్ ఫోల్డర్‌లో పెట్టాలా?

శ్రమ: ఇనిట్ నడిచేసరికి ఫైండర్ (డెస్క్‌టాప్ చూపే ప్రోగ్రామ్) ఇంకా రాదు, మన గ్లోబల్ వేరియబుల్స్ ఎక్కడున్నాయో చూపే ఏ5 రిజిస్టర్ సిద్ధంగా ఉండదు. గ్లోబల్స్‌కి చోటు మనమే కేటాయించుకుని, గ్రాఫిక్స్, డైలాగ్‌లను సిద్ధం చేసే ఫంక్షన్లను ఇనిట్‌గ్రాఫ్ మొదలు ఇనిట్‌డైలాగ్స్ దాకా వరసగా పిలిచి, చివర్లో పాత ఏ5ని తిరిగి పెట్టాలి. అది మరిచిపోతే అంతే సంగతులు! అప్లికేషన్‌కి ఏ5 సిస్టమే ఇస్తుంది.

రిస్క్: ఇనిట్ క్రాషైతే బూటే ఆగిపోతుంది, ఎక్స్‌టెన్షన్లు లోడవకుండా షిఫ్ట్ నొక్కిపట్టి మళ్లీ ఆన్ చేయాలి. అప్లికేషన్ దెబ్బతిన్నా అప్పటికే బూట్ అయిపోయి ఉంటుంది.

ఎవరూ కూర్చోని ఫైల్ సర్వర్‌లో ఇనిట్ డైలాగ్ వద్దే వద్దు. కరెంటు పోయి వస్తే, ఓకే నొక్కే మనిషి కోసం సర్వర్ అలాగే ఆగిపోతుంది.

మిగతా ఎక్స్‌టెన్షన్లు లోడయ్యేలోపే యూజర్ జవాబు కావాలంటే ఇనిట్ తప్పదు. ఉత్త సమాచారమే అయితే నా ఓటు అప్లికేషన్‌కే.