వెప్‌మన్ శ్రవణ భేద పరీక్ష: తెలుగు పిల్లలకు ఎంతవరకు పనికివస్తుంది?

చెవికి దాదాపు ఒకేలా వినిపించే మాటలను చిన్నపిల్లలు వేరుచేసి పట్టుకోగలుగుతున్నారా అన్నది చూడటానికి అమెరికాలో జోసెఫ్ వెప్‌మన్ 1958లో వెలువరించిన ఈ పరీక్షలో 40 మాటల జంటలుంటాయి. వాటిలో 30 ‘టబ్–టగ్’ లాగా ఒక్క ధ్వనిలోనే తేడా ఉన్నవి, మిగతా 10 ఒకే మాటను రెండుసార్లు పలికేవి. పెదవుల కదలిక కనబడకుండా పిల్లవాణ్ణి అటు తిప్పి కూర్చోబెట్టి పరీక్షకులు జంటను పలికితే, రెండూ ఒకటేనా కాదా అన్నది వాడు చెప్పాలి. బొమ్మలు అక్కరలేదు, చదువు రానక్కరలేదు, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అన్నింటికీ ‘వేరు’ అనేసే గడుగ్గాయి ఆ పది జంటల దగ్గర దొరికిపోతాడు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

అయితే ‘ఒకటే’, ‘వేరు’ అన్న భావనే ఇంకా కుదురుకోని నాలుగేళ్ళ పిల్లల విషయంలో తప్పు జవాబుకు కారణం చెవో, ఆలోచనో, విసుగో తేల్చుకోవడం కష్టం. పైగా పరీక్షకుల యాసను బట్టి కూడా ఫలితం మారుతుంది. ఇక తెలుగు ఇంట పెరిగిన పిల్లలకు ఈ ఇంగ్లీషు జాబితాను యథాతథంగా వాడటం అన్యాయమే, ఎందుకంటే ‘పడు–పాడు’లోని హ్రస్వదీర్ఘాలను గానీ, ‘కల–కళ’లోని ల–ళ భేదాన్ని గానీ అది అడగనే అడగదు. మన మాటలతో జంటలు కూర్చకుండా, ముందుగా వినికిడి పరీక్షయినా చేయించకుండా, దీని మార్కులను బట్టే పిల్లలకు లోపం అంటగట్టే కేంద్రాలకు నేనైతే ఫీజు కట్టను.