పెద్ద ఒప్పందమా, మందుల చీటీయా: ఏది మేలు?

తమ పౌరుల వివరాలు ఇంకో దేశం కంప్యూటర్లలోకి వెళ్లాలంటే ఆ దేశం మీద గురి కుదరాలి. యూరప్‌లో అందుకు రెండు దారులు తొక్కారు.

మొదటిది అమెరికాతో రాసుకున్న భారీ ఒప్పందాలు. యూరప్ పౌరుల వివరాలు అమెరికా కంపెనీలకు పంపడానికి 2000లో 'సేఫ్ హార్బర్' అనే ఒప్పందం వచ్చింది. అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన ఆ దేశపు నిఘా సంగతుల తర్వాత, ఆస్ట్రియాలో లా చదువుతున్న మ్యాక్స్ ష్రెమ్స్ వివరాలు అలా అమెరికా పోవడంపై 2013లో ఫిర్యాదు చేశాడు. 2015లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. దాని బదులు తెచ్చిన 'ప్రైవసీ షీల్డ్' నాలుగేళ్లే బతికింది, 2020లో అదీ పోయింది. 2023 జులైలో మూడోది వచ్చింది. అమెరికా నిఘా సంస్థలపై కన్నేసి ఉంచే బోర్డు ఒకటి ఉందన్నది ఈసారి యూరప్‌కున్న భరోసాల్లో ఒకటి. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ బోర్డులో ముగ్గురిని తీసేసింది, కోరమే లేకుండా పోయింది.

రెండోది చాలా చిన్న పని. హెల్సింకి నుంచి టాలిన్‌కు ఓడలో రెండు గంటల దారి. ఫిన్లాండ్ డాక్టరు కంప్యూటర్లో రాసిన చీటీకి 2019 జనవరి నుంచి ఎస్టోనియా మందుల షాపుల్లో మందులిస్తున్నారు. ఓడ దిగినాయన గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, కౌంటర్ వెనక తెర మీద చీటీ కనిపిస్తుంది. డబ్బు మాత్రం మొత్తం అక్కడే కట్టాలి. ఇంటికెళ్లాక బీమా కోసం అర్జీ పెట్టుకోవాలి (ఆ తిప్పలు ఏ దేశంలోనైనా ఉన్నవే!). కలిసి చేసిన పని చీటీలొక్కటే కాదు. ప్రభుత్వ రిజిస్టర్లను కలిపే 'ఎక్స్-రోడ్' ఎస్టోనియాలో 2001లో మొదలైంది. దాని బాగోగులు చూడటానికి రెండు దేశాలూ కలిసి 2017లో టాలిన్‌లో ఒక సంస్థ పెట్టాయి. కోడ్ దాచిపెట్టలేదు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

నా ఓటు రెండోదానికే. ఏ వివరం, ఎవరి కోసం, ఎందుకు దాటిందో అక్కడ చెప్పగలరు. తేడా వస్తే ఆ ఒక్క పని ఆపి సరిచేసుకోవచ్చు. పెద్ద ఒప్పందం పడిపోతే వేల కంపెనీలు ఒకేసారి టెన్షన్ పడాలి. ఫేస్‌బుక్ కంపెనీ మెటాకు 2023లో వేసిన 120 కోట్ల యూరోల జరిమానా ఇలా ఒక ఒప్పందం పోయి ఇంకోటి రాని సందులో పడిందే.

అయితే ఈ పోటీ సమఉజ్జీల మధ్య కాదు. ఫిన్లాండ్, ఎస్టోనియా రెండూ ఒకే యూరప్ చట్టం నీడలో ఉన్నాయి. అమెరికాకు ఆ నీడ లేదు, కాబట్టి కాగితం తప్పదు. మనకైతే అలాంటి ఒప్పందం కూడా లేదు. అందుకే యూరప్ వాళ్ల డేటాతో పనిచేసే హైదరాబాద్ కంపెనీలు సాధారణంగా కాంట్రాక్టు కాంట్రాక్టుకీ డేటా కాపాడటానికి యూరప్ రాసిపెట్టిన నమూనా షరతులు జతచేసి సంతకాలు పెడుతున్నాయి.